దూరవిద్య పరీక్షల్లో ముందు తెలియాల్సింది, రాస్తున్నది ఎవరని

అమ్మా, మీరు అడిగింది ఇదీ. గాజువాకలో మీరు పనిచేసే డిగ్రీ కాలేజీకి దూరవిద్య పరీక్షల సెంటర్ వచ్చింది, మిమ్మల్ని చీఫ్ సూపరింటెండెంట్‌గా, అంటే ఆ సెంటర్ బాధ్యురాలిగా వేశారు. రాసేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగస్తులు, ఇల్లు చూసుకునే ఆడవాళ్లు, ఏజెన్సీ నుంచి వచ్చే పిల్లలు. "పాపం, ప్రమోషన్ కోసం ఒక సర్టిఫికెట్ కావాలి వాళ్లకి, కాస్త చూసీ చూడనట్టు వదిలేయండి" అని మేనేజ్‌మెంట్ తరఫున ఒకాయన మీకు చెప్పాడు. కాపీలు ఆపాలి, అలాగని ఎవరినీ ఏడిపించకూడదు, ఏం చెయ్యాలి అన్నది మీ టెన్షన్. ఇవన్నీ ఆన్‌లైన్ చేసేస్తే ఈ గొడవే ఉండదు కదా అని చివర్లో ఇంకో ప్రశ్న.

నేను విశాఖపట్నంలో 20 ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఇన్విజిలేటర్‌గా, తరవాత చీఫ్‌గా, రిటైరయ్యే ముందు కొన్నేళ్లు యూనివర్సిటీ తరఫున సెంటర్లు పరిశీలించే అబ్జర్వర్‌గా చేశాను. ఇచ్ఛాపురం దగ్గర్నుంచి తుని దాకా సెంటర్లు చూశాను. అందుకని కొంచెం వివరంగానే చెబుతాను.

దూరవిద్య పరీక్ష అనగానే అందరికీ స్లిప్పులే గుర్తొస్తాయి. నా అనుభవంలో స్లిప్పులు రెండో సమస్య. మొదటిది, రాసే మనిషి ముఖం మనకెవరికీ తెలియకపోవడం. రెగ్యులర్ కాలేజీలో మూడో బెంచీ మీద కూర్చున్న పిల్లాడు ఎవరో, వాడి తండ్రి ఏం చేస్తాడో కూడా లెక్చరర్‌కి తెలుసు. వాడి బదులు ఇంకొకడు వచ్చి కూర్చుంటే నిమిషంలో తెలిసిపోతుంది. దూరవిద్యలో ఫీజు కట్టేటప్పుడు ఒక గుమస్తా చూస్తాడు, పుస్తకాలు పోస్టులో వెళ్తాయి, అప్పుడప్పుడు ముఖాముఖి పెట్టే కాంటాక్ట్ క్లాసులకు సగం మంది రారు. ఏడాది పొడుగునా ఆ విద్యార్థి ఒక నంబరు మాత్రమే. మనిషిగా మన ఎదటికి వచ్చేది పరీక్ష రోజునే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టిన నాటికీ నేటికీ కోర్సులు మారాయి, పుస్తకాలు మారాయి. ఈ ఒక్క చిక్కు మాత్రం అలాగే ఉంది, ఏ యూనివర్సిటీకైనా.

ఒక సంగతి చెబుతాను. ఊళ్లోనే ఒక సెంటర్లో ఎం.ఏ. పరీక్ష, మధ్యాహ్నం సెషన్. డీ-ఫారం (హాజరు సంతకాల పట్టిక) మీద సంతకాలు తీసుకుంటూ నేను వరసలో నడుస్తున్నాను. ఒక కుర్రాడు హాల్ టికెట్ పక్కన పెట్టుకుని దానివంక చూస్తూ, పెన్ను మెల్లగా లాగుతూ సంతకం పెడుతున్నాడు. సంతకం అందంగానే కుదిరింది, హాల్ టికెట్ మీద ఉన్నట్టే ఉంది. కానీ మన సంతకం మనం చూసి పెట్టం కదమ్మా. నేను గొడవ చెయ్యలేదు. "ఆన్సర్ బుక్‌లెట్ మీద కూడా ఒకటి పెట్టండి" అని హాల్ టికెట్ నా చేతిలోకి తీసుకున్నాను. అంతే, పెన్ను ఆగిపోయింది. ఫోటో చూస్తే పోలిక ఉంది. ఉండదూ మరి, అన్నదమ్ములు. అసలు విద్యార్థి అన్నయ్య, ఆ పూట డ్యూటీలో ఉన్నాడు. తమ్ముడు బాగా చదివేవాడు, అన్న కోసం వచ్చాడు. వాడి చేతులు ఎలా వణికాయో నాకిప్పటికీ గుర్తే. చీఫ్ గదిలోకి తీసుకెళ్లి, మంచినీళ్లిచ్చి, స్టేట్‌మెంట్ రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలతో యూనివర్సిటీకి పంపాం. ఆ హాల్లో మిగతా 30 మందికీ ఏం జరిగిందో కూడా తెలియలేదు. అదే సెంటర్లో అంతకుముందు రెండు పేపర్లు కూడా వాడే రాసేశాడని తరవాత బయటపడింది. రెండు రోజులు ఇద్దరు ఇన్విజిలేటర్లు వాడి ముందునుంచే నడిచి వెళ్లారు.

కాబట్టి మీ మొదటి పని గుర్తింపు. దాన్ని గేటు దగ్గర పెట్టుకోకండి. అక్కడ క్యూ, ఎండ, ఆలస్యమవుతుందన్న భయం, వీటి మధ్య ఎవరూ ఎవరి ముఖమూ సరిగా చూడరు. గేటు దగ్గర హాల్ టికెట్ ఉందా, ఫోన్ బయట పెట్టారా, ఈ రెండే చూడండి. అసలు పరిశీలన సీటు దగ్గర, పరీక్ష మొదలైన మొదటి అరగంటలో, ఫోటో ఉన్న నామినల్ రోల్ (అభ్యర్థుల జాబితా) చేత్తో పట్టుకుని జరగాలి. ఫోటో, ముఖం, సంతకం మూడూ ఒకేసారి చూడాలి. సంతకం పెట్టేటప్పుడు హాల్ టికెట్ ఇన్విజిలేటర్ చేతిలో ఉండాలి. అనుమానం వస్తే రెండు చిన్న ప్రశ్నలు చాలు. "మీకు ఎల్లుండి ఏ పేపరు? మీ స్టడీ సెంటర్ ఏది?" సొంత పరీక్ష రాసేవాళ్లు తల ఎత్తకుండానే చెప్పేస్తారు. మారుమనిషికి ఈ పేపరు వరకే తెలుస్తుంది. మీ ఇన్విజిలేటర్లకు ఇదంతా పరీక్ష రోజు పొద్దున్న కాకుండా ముందు రోజు సాయంత్రం కూర్చోబెట్టి చెప్పండి. చాలాచోట్ల పొద్దున్న 9 గంటలకు పిలిచి చేతిలో బండిల్ పెట్టేస్తారు, వాళ్లకు ఏం చూడాలో తెలియదు.

యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల్లో పరీక్షా కేంద్రంలో సీసీ కెమెరాలు, బయోమెట్రిక్ హాజరు ఉండాలని ఉంది. మంచిదే. కానీ యంత్రం ఒప్పుకోలేదని మనిషిని వెనక్కి పంపడం మాత్రం తప్పు. రాయి పని, సిమెంటు పని, జీడిపిక్కల పని చేసే చేతులకు వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. పలాస వైపు నుంచి వచ్చిన ఒకామె ఆరుసార్లు వేలు పెట్టినా యంత్రం తీసుకోలేదు. ఆమె అందరి ముందూ చేతులు చీరకు తుడుచుకుంటూ, తనదేదో తప్పన్నట్టు నిలబడింది. అలాంటప్పుడు ఫోటో తీసుకుని, సంతకం తీసుకుని, రిజిస్టర్లో రాసుకుని కూర్చోబెట్టాలి. ఇంటిపేరు సంగతి కూడా ముందే ఆలోచించి పెట్టుకోండి. టెన్త్ సర్టిఫికెట్ ప్రకారం హాల్ టికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. మన దగ్గర పెళ్లయ్యాక చదువుకునే ఆడవాళ్లలో ఈ తేడా ఎంతమందికో ఉంటుంది. పుట్టిన తేదీ, ఫోటో, తండ్రి పేరు సరిపోతే హామీపత్రం రాయించుకుని పరీక్ష రాయనివ్వండి, వివరాలు తరవాత సరిచూసుకోవచ్చు. రాయనిచ్చాక తప్పని తేలితే ఆ పేపరు రద్దు చేసే వీలుంది. రాయనివ్వకుండా పంపేసి, తరవాత ఆమే అసలు విద్యార్థి అని తేలితే ఆ ఆరు నెలలు ఎవరిస్తారు?

ఇప్పుడు ప్రశ్నపత్రాల ప్యాకెట్లు. ఇది కాస్త ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే దూరవిద్యలో ఇక్కడ జరిగే పొరపాటు రెగ్యులర్ పరీక్షల్లో అంతగా జరగదు. రెగ్యులర్‌లో ఒక సెషన్‌కి మూడు నాలుగు పేపర్లు ఉంటే, ఒక్కో పేపరుకి వందమంది రాస్తారు. దూరవిద్యలో 60 మందే వస్తారు, పేపర్లు మాత్రం పద్నాలుగో పదిహేనో. కొన్నిటికి ఒక్కరే అభ్యర్థి. పాత సిలబస్‌కి ఒక కోడ్, కొత్త సిలబస్‌కి ఇంకో కోడ్. ఎం.కాం.లోనూ ఎంబీఏలోనూ ఒకే పేరుతో పేపరు, కోడ్ మాత్రం వేరు. నేను చీఫ్‌గా ఉన్న ఒక సెంటర్లో సరిగ్గా ఇలాగే రెండు రోజుల తరవాత తెరవాల్సిన ప్యాకెట్ కోసేశాం. కోసింది నా పక్కన ఉన్న అసిస్టెంటే, కానీ కోడ్ సరిచూడాల్సింది నేను. కత్తెర పడ్డాక గాని చూసుకోలేదు. లోపల కాగితం బయటికి తీయలేదు. అక్కడికక్కడే కెమెరా ముందు మళ్లీ అంటించి, సంతకాలు పెట్టి, 10 నిమిషాల్లో యూనివర్సిటీకి ఫోన్ చేసి, రాతపూర్వకంగా కూడా పంపాను. వాళ్లు ఆ పేపరుకు వేరే సెట్ పంపారు. పక్కనున్నవాళ్లు "ఎవరికీ తెలియదు, టేపు వేసేద్దాం సార్" అన్నారు. టేపు వేసి ఊరుకుని ఉంటే, ఆ రెండు రోజుల్లో ఆ ప్రశ్నలు ఎక్కడైనా కనిపించినా కనిపించకపోయినా ఆ సెంటర్ మాట మళ్లీ ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

అప్పటినుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఒకరు టైంటేబుల్ చూసి కోడ్, తేదీ, సెషన్ గట్టిగా చదవాలి. ఇంకొకరు ప్యాకెట్ మీద ఉన్నది గట్టిగా చదవాలి. రెండూ కలిశాకే మూడో మనిషి కత్తెర పట్టాలి. ఆ కత్తెర అప్పటిదాకా బల్ల మీద కూడా ఉండకూడదు. ఇద్దరు ఇన్విజిలేటర్లు సీలు చూసి టైము వేసి సంతకం పెట్టాలి. ఇప్పుడు కొన్ని యూనివర్సిటీలు పరీక్షకు కొద్దిసేపటి ముందు పాస్‌వర్డ్‌తో పేపరు పంపి సెంటర్లోనే ప్రింట్ తీయమంటున్నాయి. అక్కడైతే ప్రింటర్ ఉన్న గదికి ఫోన్లతో ఎవరినీ రానివ్వకండి, చెడిపోయిన కాపీలను కూడా లెక్కపెట్టి కవర్లో పెట్టండి. కరెంటు పోతే ప్రింట్ ఎలా తీస్తారో ఒకరోజు ముందే ప్రయత్నించి చూడండి.

పరీక్ష అయ్యాక కూడా ఒక ముప్పు ఉంది. ఎవరూ పెద్దగా చెప్పరు. బుక్‌లెట్లో మిగిలిపోయిన ఖాళీ పేజీలు. అభ్యర్థి నాలుగు పేజీలు రాసి వెళ్తాడు, బండిల్ రాత్రంతా ఆఫీసు గదిలో ఉంటుంది, పొద్దున్నకి నాలుగు పన్నెండు అవుతాయి. అందుకని కాగితం తీసుకునే ముందే ఖాళీ పేజీలు అభ్యర్థి చేతే అడ్డంగా కొట్టించండి. ఎన్ని పేజీలు రాశారో మొదటి పేజీ మీద అంకెల్లో వేయించి పక్కన ఇన్విజిలేటర్ సంతకం పెట్టాలి. వాడని బుక్‌లెట్లు, అడిషనల్ షీట్లు లెక్క కలవాలి. బండిల్ ఆ గదిలోనే, కెమెరా కింద, ఎవరూ ఇంటికి వెళ్లకముందే సీలు పడాలి. టీ తాగి వచ్చి కడదాం అన్న సెంటర్లను నేను నా రిపోర్టులో రాసేవాణ్ణి.

ఇక మీకు మేనేజ్‌మెంట్ నుంచి వచ్చిన మాట. ఆయన ఒక్కడూ చెడ్డవాడని కాదు, ఏర్పాటులోనే లోపం ఉంది. దూరవిద్య విద్యార్థులను చేర్చుకునే స్టడీ సెంటర్ కూడా మీ కాలేజీదే. అడ్మిషన్లు చేర్పించినవాళ్లే పరీక్ష కూడా జరిపితే ఇలాంటి మాట రాకుండా ఉండదు. విద్యార్థి పాసైతే వచ్చే ఏడాది ఇంకో పదిమందిని తెస్తాడు, తప్పితే ఆ సెంటర్ మీద చెడుగా చెబుతాడు. "పాస్ గ్యారంటీ" అని గోడల మీద రాసుకున్న సెంటర్లు నేను చూశాను. ఒకచోట నేను అబ్జర్వర్‌గా వెళ్తే పరీక్ష మొదలయ్యే ముందే నాకు భోజనం, వెనక్కి వెళ్లడానికి కారు, ఏదో కవరు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నేను బస్సెక్కి వచ్చేశాను, అక్కడ చూసిందంతా రాసి పంపాను. పై ఏడాది కూడా ఆ సెంటర్ అక్కడే నడిచింది. ఆ బాధ నాకింకా ఉంది. ఫ్రాంచైజీల పద్ధతిలో దూరవిద్య నడపకూడదని యూజీసీ అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఇంటర్ ప్రాక్టికల్స్‌కి జంబ్లింగ్ (ఒక కాలేజీ పిల్లలు వేరే కాలేజీలో రాయడం) కావాలా వద్దా అని మన రాష్ట్రంలో ఎన్నేళ్లు వాదించుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. దూరవిద్యకు అది అంతకంటే ఎక్కువ అవసరం. మీ స్టడీ సెంటర్లో చేరినవాళ్లు మీ దగ్గర పరీక్ష రాయకూడదు. గాజువాక వాళ్లు మద్దిలపాలెంలో, మద్దిలపాలెం వాళ్లు గాజువాకలో రాస్తే చాలు, బస్సులో వెళ్లే దూరమే.

స్లిప్పుల గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. చిన్న సైజులో తీసిన జిరాక్సులు, స్మార్ట్ వాచీలు, బాత్రూంలో దాచిన పేజీలు. మీకున్న ఒక వెసులుబాటు వాడుకోండి. ఇన్ని పేపర్లు ఒకే సెషన్‌లో ఉంటాయి కాబట్టి పక్కపక్కన, ముందూ వెనకా వేర్వేరు పేపర్ల వాళ్లను కూర్చోబెట్టే సీటింగ్ ప్లాన్ వెయ్యండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది. ఫోన్లకు టోకెన్ ఇచ్చి భద్రంగా పెట్టే చోటు చూపించండి. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది లోపలికి తెస్తారు. ఆడవాళ్ల తనిఖీ ఆడవాళ్లే, తెర చాటున చెయ్యాలి.

వీటన్నిటికంటే పై స్థాయిలో మారాల్సింది ప్రశ్నపత్రం. అది మీ చేతిలో లేదు, కానీ మీరు ఎప్పటికైనా పేపరు సెట్ చేసే దశకు వస్తారు, అందుకని చెబుతున్నాను. గత అయిదేళ్ల పేపర్లు ముందు పెట్టుకుంటే రాబోయే పేపరులో ముప్పాతిక చెప్పగలిగితే, ఆ పరీక్షకు ఎంత కాపలా పెట్టినా లాభం లేదు. గైడ్‌లో 12 ప్రశ్నలకు జవాబులు ఉంటాయి, వాటినే చిన్నగా జిరాక్స్ తీస్తారు. జవాబు జేబులో పట్టేలా ఉన్నప్పుడే స్లిప్పు పనికొస్తుంది. "పొదుపు సంఘాల ప్రయోజనాలు వివరింపుము" అని అడిగితే గైడ్ పేజీ దిగుతుంది. దాని బదులు, పదిమంది సభ్యులున్న ఒక డ్వాక్రా సంఘం ఏడాది పొదుపు, అప్పు, వాయిదాల లెక్క ఒక పట్టికగా ఇచ్చి, "ఈ సంఘానికి బ్యాంకు రెండో విడత అప్పు ఇవ్వవచ్చా? ఈ అంకెల్లో మీకు ఇబ్బందిగా కనిపించేది ఏది?" అని అడగండి. నేను ఒకసారి ఇలాంటి ప్రశ్న వేశాను. స్లిప్పులతో వచ్చినవాళ్లు పట్టిక వంక చూస్తూ కూర్చున్నారు. ఎప్పుడూ 40 మార్కులు దాటని కొందరు ఆడవాళ్లు మాత్రం రెండు పేజీలు గడగడా రాశారు, ఎవరి వాయిదాలు ఏ నెల నుంచి తప్పాయో వేలు పెట్టి చూపించినట్టు. వాళ్లు ఆ సంఘాలు నడిపినవాళ్లు. దూరవిద్య విద్యార్థి దగ్గర పాతికేళ్ల కుర్రాడికి లేనిది ఒకటి ఉంది, బతుకు అనుభవం. ప్రశ్న దాన్ని తాకాలి.

అసైన్‌మెంట్లది ఇంకో కథ. ఆ 2020 నిబంధనల ప్రకారం చివరి పరీక్షకు కనీసం 70 శాతం, ఏడాది పొడుగునా చేసే మదింపుకు గరిష్ఠంగా 30 శాతం మార్కులు. ఈ 30ని చాలాచోట్ల ఊరికే వేసేస్తారు. అసైన్‌మెంట్లు రాసిపెట్టే షాపులు ఎప్పట్నుంచో ఉన్నాయి, 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక షాపు కూడా అక్కర్లేదు. దీనికి నాకు పనిచేసిన మందు ఒకటే. కాంటాక్ట్ క్లాసు రోజున ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ల అసైన్‌మెంట్ మీదే మూడు నిమిషాలు మాట్లాడించడం. "ఈ పేరాలో మీరు రాసిన ఉదాహరణ ఎక్కడిది?" అంటే చాలు. రానివాళ్లతో వీడియో కాల్లో మాట్లాడవచ్చు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఆ మనిషి ముఖం, గొంతు, చేతిరాత పరీక్షకు ముందే మనకు పరిచయమవుతాయి. నేను మొదట్లో చెప్పిన లోటు సగం పూడేది ఇక్కడే.

మీరు "ఏడిపించకూడదు" అన్నారు చూడండి, ఆ మాట నాకు నచ్చింది. కానీ దయ అనేది చూసీ చూడనట్టు వదలడంలో లేదు, ఏర్పాట్లలో ఉంది. పాడేరు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాట. పొద్దున్న 9 గంటల పరీక్షకు ఆ అమ్మాయి ముందురోజే వచ్చి ఎవరింట్లోనో పడుకోవాలి, లేదంటే చీకట్లో బయలుదేరాలి. ఆమెకు మధ్యాహ్నం సెషన్ ఇవ్వండని, వీలైతే పాడేరులోనే సెంటర్ పెట్టండని యూనివర్సిటీని అడగాలి. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా పరీక్షకు వచ్చినవాళ్లు పెన్ను పట్టుకుని కునికిపాట్లు పడటం చూశాను. పరీక్షలు ఆదివారాలకు సర్ది, టైంటేబుల్ నెలముందు ఇస్తే వాళ్లు షిఫ్ట్ మార్చుకుంటారు. నాలుగు రోజుల ముందు ఇస్తే తమ్ముణ్ణి పంపాలనిపిస్తుంది. నేను పైన చెప్పిన ఆ అన్నదమ్ముల విషయంలోనూ టైంటేబుల్ ఒకసారి మారింది. అది వాళ్లు చేసిన పనికి సాకు కాదు, కానీ నేను రిపోర్టులో ఆ సంగతి కూడా రాశాను. చంటిపిల్లతో వచ్చే తల్లులకు పాలివ్వడానికి ఒక గది, తోడుగా ఒక మహిళా ఉద్యోగి, పోయిన నిమిషాలకు అదనపు సమయం ఇప్పించండి. స్క్రైబ్‌ని (తాము చెబితే రాసిపెట్టే మనిషిని) తెచ్చుకునే దివ్యాంగులకు కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం, అంటే 3 గంటల పరీక్షకు ఒక గంట. సొంత స్క్రైబ్‌ని తెచ్చుకుంటే అతని చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని కూడా వాటిలో ఉంది. వాళ్లకు కింది అంతస్తులో గది ముందే చూసిపెట్టండి, ఆ రోజు పొద్దున్న వెతుక్కోకూడదు.

ఆన్‌లైన్ సంగతి. ఇంట్లో కూర్చుని, ఎదురుగా కెమెరా పెట్టుకుని రాసే పరీక్షను మీ విద్యార్థులకు నేను ఒప్పుకోను. కారణం మోసం ఒక్కటే కాదు. చూపు పక్కకు తిప్పినా, గదిలో ఇంకో గొంతు వినిపించినా ఆ సాఫ్ట్‌వేర్ అనుమానం గుర్తు వేస్తుంది. ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇల్లు, పక్కింటి టీవీ, ఏడ్చే పిల్లాడు, ఇవన్నీ దాని లెక్కలో నేరాలే. సొంత గది, లాప్‌టాప్, మంచి ఇంటర్నెట్ ఉన్నవాడికి ఏ గుర్తూ పడదు, తెర వెనక ఇంకొకడు కూర్చుని చెబుతున్నా సరే. ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఊళ్లో మాత్రం? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖ నడిబొడ్డునే రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. మనది తుఫాన్ల తీరం, పరీక్షలేమో తరచుగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడతాయి.

కంప్యూటర్ మీద పరీక్ష పెట్టాలంటే అది సెంటర్లోనే, మన యంత్రాల మీద పెట్టాలి. అప్పుడు పనికొచ్చే విద్యలు చాలా ఉన్నాయి. పెద్ద ప్రశ్నల నిధి నుంచి ఒక్కొక్కరికి వేరే వరసలో ప్రశ్నలు ఇవ్వవచ్చు, లెక్కల్లో అంకెలు మార్చవచ్చు. ఆబ్జెక్టివ్ పేపర్లలో ఎవరు ఎవరిని చూసి రాశారో తరవాత పట్టుకోవచ్చు కూడా. దానికి సరైన జవాబులు కలిశాయా అని చూడకూడదు, బాగా చదివిన ఇద్దరికీ అవి ఎలాగూ కలుస్తాయి. తప్పులు కలిశాయా అని చూడాలి. 20 ప్రశ్నల్లో ఇద్దరూ తప్పి, ఇద్దరూ అన్నిటికీ ఒకే తప్పు జవాబు పెట్టి, పక్కపక్క సీట్లలో కూర్చుని ఉంటే అది అడగాల్సిన విషయం. అయితే అడగడానికే అది ఆధారం, శిక్షించడానికి ఒక్కటే చాలదు. ఇద్దరూ ఒకే గైడ్ చదివి, ఆ గైడ్‌లోనే తప్పు ఉండి ఉండవచ్చు.

ఎవరినైనా పట్టుకుంటే ఏం చెయ్యాలి? హాల్లో అరవకండి, కాగితం చింపకండి, చెయ్యి చేసుకోవడం ఊసే వద్దు. దొరికిన కాగితం మీద టైము, సీటు నంబరు వేసి, అది ఆ రోజు పేపరుకు సంబంధించిందా కాదా చూసి, అభ్యర్థి చెప్పింది అతని మాటల్లోనే రాయించండి. సంతకం పెట్టనంటే పెట్టనన్నాడని రాయండి. శిక్ష నిర్ణయించేది యూనివర్సిటీ కమిటీ, మీరు కాదు. జేబులో మర్చిపోయిన చిట్టీకీ, మారుమనిషికీ, పేపరు బయటికి పంపినవాడికీ ఒకే శిక్ష ఉండకూడదని మీ రిపోర్టులో స్పష్టంగా తెలియాలి. పరీక్షల్లో అక్రమాలను ఆపడానికి 2024లో వచ్చిన కేంద్ర చట్టం గురించి కొందరు మిమ్మల్ని భయపెడతారు. అది యూపీఎస్‌సీ, ఎస్ఎస్‌సీ, రైల్వే, బ్యాంకు నియామకాలు, ఎన్‌టీఏ పరీక్షల వంటివాటి కోసం వచ్చింది. మన రాష్ట్రానికి 1997 నుంచే మాల్‌ప్రాక్టీసుల చట్టం ఉంది, జైలు శిక్ష ఉన్న చట్టం. పోలీసుల దాకా వెళ్లాల్సినప్పుడు యూనివర్సిటీ రాతపూర్వక సూచనతోనే వెళ్లండి.

వాల్యుయేషన్ మీ పరిధి కాదు, ఒక్కమాటే. బార్‌కోడ్ వేసి పేరు దాచడం ఎంత అవసరమో, మార్కులు ఎలా వచ్చాయో విద్యార్థికి చూపడం అంతే అవసరం. 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో, దిద్దిన జవాబుపత్రం సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని చెప్పింది. ఎవరైనా అడిగితే ఆ దారి చెప్పండి. దూరంగా ఉన్నవాడికి ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక, సెలవులు ఉండవు.

మీ మొదటి పరీక్ష ఇంకా మూడు వారాలుంది అన్నారు. ఈ వారమే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఒక ఉత్తరం రాయండి, ప్రిన్సిపాల్ గారి ద్వారా. మా స్టడీ సెంటర్ విద్యార్థులను వేరే సెంటర్‌కు కేటాయించండి, ఆ సెంటర్ వాళ్లను మాకు ఇవ్వండి, ఫోటోలున్న నామినల్ రోల్స్ వారం ముందు పంపండి, అబ్జర్వర్‌ను ముందుగా పేరు చెప్పకుండా పంపండి అని. ప్యాకెట్లు వచ్చిన రోజు నుంచి బీరువా తాళం ఒకటి మీ దగ్గర, రెండోది యూనివర్సిటీ ప్రతినిధి దగ్గర ఉండేలా కూడా అందులోనే అడగండి. కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మేనేజ్‌మెంట్ ఆయన మళ్లీ ఆ మాట ఎత్తితే ఆ కాపీ ఆయన చేతికి ఇచ్చి, "సార్, ఈసారి మన పిల్లలు మన దగ్గర రాయడం లేదండీ" అని చెప్పండి.